షెడ్డు కింద పదో తరగతి

ఉదయం ప్రార్థన అయిపోయింది. పిల్లలు తరగతులకు కదలబోతుండగా కరస్పాండెంట్ రఘునందన్ మైకు అందుకుని, పదో తరగతి వరుసలోంచి భాగ్యను పిలిచాడు. ఆనాటి పేపరు చేతికిచ్చి పైకి చదవమన్నాడు.

భాగ్య మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు ఆ పిల్లకు ఎప్పుడూ అంతే. 'ప'కూ 'వ'కూ తేడా తెలిసేది కాదు, ఏ ఒత్తు ఏ అక్షరం కిందిదో అంతుపట్టేది కాదు. మళ్లీ మొదలుపెట్టింది. మైకులోంచి ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ముందు వరుస చిన్నపిల్లలు నవ్వారు. వాళ్లను చూసి వెనకవాళ్లు నవ్వారు.

"సూసిన్రా? పదో తరగతికొచ్చింది, పేపరు సదవరాదు," అన్నాడు రఘునందన్. "ఇసొంటోల్లు ఉంటే బడి పేరు గంగల కలుస్తది. ఇయ్యాల్టి సంది ఈల్లంత షెడ్ల కూసుంటరు."

బెంచీలు మోసింది కూడా ఆ పిల్లలే. ఇబ్రహీంపట్నం నుంచి శేరిగూడ పోయే దారిలో ఉందా ప్రైవేటు బడి. రఘునందన్ తాతల పొలం సగం ప్లాట్లయింది, మిగతా సగంలో బడి లేచింది. బస్సులు నిలిపే రేకుల షెడ్డులో, డీజిలు వాసనలో, చదవడం రాని పదో తరగతి పిల్లలందరినీ కూర్చోబెట్టి, వాళ్లకు కాపలాగా కరుణను పెట్టారు.

కరుణ ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పడంలోనే శిక్షణ పొందిన టీచరు. బడి గోడమీది ఫ్లెక్సీలో ఆమె ఫొటో ఉంది కానీ, పని చేసుకోవడానికి ఆమెకు గది ఎప్పుడూ లేదు. షెడ్డయితేనేం అనుకుంది. పెద్ద మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ మట్టిలో వేలితో రాయిస్తూ పైకి పలికించేది. పుస్తకంలో ఒక్క వరుసే కనబడేట్టు కింద అట్టముక్క పెట్టించేది. సైన్సు పాఠం తాను చదివి వినిపించి, నోటితో చెప్పించుకునేది. గుండె ఎట్లా పనిచేస్తుందో భాగ్య తడుముకోకుండా చెప్పింది. రాయమంటే మాత్రం చేయి బిగుసుకుపోయేది.

దవాఖానలో పరీక్ష చేయించి, బడి నుంచి దరఖాస్తు పంపితే, ఈ పిల్లలు నోటితో చెప్పింది రాసిపెట్టడానికి పరీక్షలో మనిషినిస్తారు, సమయమూ ఎక్కువిస్తారు. కరుణ ఆ మాటే రఘునందన్‌ను అడిగింది.

"మా బడిల మొద్దు పోరగాల్లున్నరని నేనే సర్కారుకు రాసియ్యాల్నా?" అన్నాడతను.

"మొద్దులు కాదు సార్. వింటే అర్థమైతది, చెప్పొస్తది. చదువుడు, రాసుడే కష్టం."

"నువ్వు జీతం ఎవ్వని తాన తీస్కుంటున్నవ్ మేడం?"

మర్నాటి నుంచి రఘునందన్ తల్లిదండ్రులను పిలిపించడం మొదలుపెట్టాడు. అందరినీ కలిపి కాదు. ఒకరు బయటికొచ్చాక ఇంకొకరు. టీసీ తీసుకుపోండి, వచ్చే ఏడు ప్రైవేటుగా రాయించండి, బయట చెప్పకండి, పరువు పోతుంది. వచ్చినవాళ్లు గేటు దగ్గర ఎదురుపడినా ముఖం తిప్పుకుని పోయేవాళ్లు.

కరుణ స్టాఫ్‌రూంలో ఈ సంగతి ఎత్తింది. ఒక్కరూ తలెత్తలేదు. అందరికీ దిద్దాల్సిన పేపర్లు గుర్తొచ్చాయి. వారం తిరక్కుండానే ఆమె ఉద్యోగం పోయింది.

శేరిగూడలో, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల హాస్టళ్ల మధ్య ఆమెది ఒంటి గది. చుట్టూ వందలమంది. ఆమె పేరు తెలిసినవాళ్లు లేరు. తల్లి పోయాక ఫోను మోగడమూ తగ్గింది. ఒక్కదానికే వండుకోబుద్ధి కాక రెండు రోజులు బన్నుతో గడిపింది. సంచి సర్దుకుని వేరే ఊరు పోదామనుకుంది. సంచి తెరిచింది కూడా. షెడ్డులో పిల్లలు ఇప్పుడెవరి ముఖం చూస్తూ కూర్చున్నారో అనిపించి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

భాగ్య తండ్రి బాలనర్సింహ మార్కెట్లో హమాలీ. కరుణను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే ఆమె దవాఖాన పరీక్ష మాటెత్తింది.

"మా బిడ్డకు పిచ్చి అంటున్నవా?"

"కాదన్నా. ఇట్లాంటి పిల్లలు మస్తుమందున్నరు."

"అబద్ధం. మిగిలినోల్లు ఒట్టి బద్దకపోల్లట, రెండు తంతె సదువుతరట. నా బిడ్డకే బుర్రల లోపమని సారు చెప్పిండు. ఎవ్వలింట్ల లేనిది నా ఇంట్లనే ఎందుకైంది?"

రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లోనూ అదే. మీ ఒక్కరికే అని అందరికీ చెప్పాడు రఘునందన్. ఒంటరిని చేస్తే మనిషి నోరెత్తడని అతనికి తెలుసు.

కొంగరకలాన్ వైపు పొలాలున్న ఇంట్లో ఇంద్రమ్మ ఉంటుంది. ఆమె కొడుకు సిద్ధార్థ కూడా షెడ్డు క్లాసే. ఆమె తలుపు సగమే తీసింది. "మా అక్కకు సుత చెప్పలే మేడం," అంది. "కొడుకు పక్కనుంటే ఎవ్వలన్న ఏమన్న సదవమంటరని పెండ్లిల్లకు పోవుడే బంద్ జేసిన."

ఆదివారం హమాలీ సంఘం గదిలో కలుద్దామని కరుణ అందరికీ చెప్పింది. వచ్చారు. గోడలకు ఆనుకుని, ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు.

"సారు మీకేం చెప్పిండో గదొక్కటి చెప్పుండ్రి," అంది కరుణ.

మొదట బాలనర్సింహ చెప్పాడు. వెనకనుంచి ఇంద్రమ్మ లేచింది. "గదే మాట నాకు చెప్పిండు."

"నాకూ," అన్నాడొకాయన. "నాకూ గట్లనే అన్నడు," అంది ఇంకొకామె. గదిలో ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఏళ్ల తరబడి దిగమింగినదంతా బయటికొచ్చింది.

అంతలోనే బాలనర్సింహ విసురుగా అన్నాడు: "మీకేంది పటేలమ్మా? కొడుక్కు సదువు రాకుంటే ప్లాటమ్మి దుకాణం పెట్టిస్తరు. నా బిడ్డ నా లెక్కనే మూటలు మొయ్యాలె."

ఇంద్రమ్మ అతని వైపు తిరిగింది.

"నిజమే తమ్మీ. మాకు భూమున్నది, మీకు లేదు. గా మాట మర్సిపొమ్మని నేనంటలేను. కానీ నా కొడుకు మనుషుల్ల కూసుంటలేడు. ఏ ప్లాటమ్మితే కూసుంటడు?"

బాలనర్సింహ జరిగి, తన పక్కన చాప మీద చోటు చూపించాడు.

సోమవారం పొద్దున, దరఖాస్తులు పంపాలని బడి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. బస్సులు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. షెడ్డు పిల్లలు తల్లిదండ్రుల పక్కన కూర్చున్నారు. రఘునందన్ వచ్చి చుట్టూ చూసి, ఇంద్రమ్మ దగ్గర వంగాడు.

"వదినా, నువ్వు మనోల్ల మనిషివి. నీ కొడుకు దరఖాస్తు సప్పుడు జెయ్యకుండ పంపిస్త. ఈల్లతోని నీకెందుకు?"

ఇంద్రమ్మ లేచి నిలబడింది. అందరికీ వినబడేట్టు అంది: "అందర్ది పంపు. లేకుంటే నా కొడుకుది పంపకు."

"శాబాష్ అక్కా!" అని బాలనర్సింహ అరిచాడు. ఆ మాట నినాదమైంది. అందర్ది పంపు! మేడమీద తరగతుల కిటికీలు తెరుచుకున్నాయి. ర్యాంకులొస్తాయని బడి నమ్ముకున్న పదో తరగతి పిల్లలు మెట్లు దిగివచ్చి, ఆనాడు భాగ్యను చూసి నవ్వినవాళ్లే, ఆమె వెనక కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. "లీడరెవరు?" అన్నాడు ఎస్సై. రఘునందన్ కరుణను చూపించాడు. ఆమెనొక్కదాన్నే లేపారు. అడ్డం పడినవాళ్లను నెట్టేసి వ్యాను ఎక్కించారు.

స్టేషన్లో ఒక మహిళా కానిస్టేబుల్ ఆమె ఫోను తీసుకుంటూ అడిగింది: "ఇంట్ల ఎవలకు చెప్పాలె?"

కరుణ ఆలోచించింది. తల్లి నంబరు తప్ప ఏదీ గుర్తుకు రాలేదు. "ఎవ్వరు లేరు," అంది. తన నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. బడి వైపు ఇక ఎన్నడూ పోనని రాసిచ్చి పొమ్మన్నారు. ఆమె సంతకం పెట్టలేదు.

మధ్యాహ్నానికి బయట గోలయింది. గేటు దగ్గరినుంచి అందరూ ఎండలో నడిచి వచ్చారు.

"నువ్వేమైతవ్ ఆమెకు?" అని కానిస్టేబుల్ బాలనర్సింహను నిలదీశాడు.

"నా బిడ్డకు పంతులమ్మ. గేటుకాడ నేను గూడ కూసున్న. నన్ను రాసుకో."

"నన్ను రాసుకో," అంది ఇంద్రమ్మ. తన పేరూ భర్త పేరూ ఊరూ గట్టిగా చెప్పింది, ఏ చుట్టం విన్నా సరేనన్నట్టు. వెనక వరుస పెరుగుతూ పోయింది.

సాయంత్రానికి కరుణను వదిలారు. ర్యాంకుల పిల్లలు కూడా తరగతులకు పోకపోయేసరికి రఘునందన్ దిగివచ్చాడు, షెడ్డు ఖాళీ అయింది. అందరి దరఖాస్తులూ కదిలాయి. కరుణ ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు, గేటు దగ్గర కూర్చున్నవాళ్ల మీద పెట్టిన కేసూ ఎత్తేయలేదు.

పరీక్షల మొదటి రోజు భాగ్య, సిద్ధార్థ, మిగిలినవాళ్లు, వాళ్లు చెప్పింది రాసిపెట్టే పిల్లలతో పరీక్ష కేంద్రం లోపలికి పోయారు. తల్లిదండ్రులు పనులకు పోయారు. కరుణ గేటు బయట ఒక్కతే మిగిలింది. లోపల గంట మోగింది. తన ఒంటి గదికి పోవడానికి ఆమెకు కాళ్లు రాలేదు.

తెలియని మనిషొకాయన దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "కరుణ మేడమంటే నువ్వేనా? మాది తుక్కుగూడ. మా బిడ్డను బడిలకెల్లి తీసేస్తమంటున్నరు. గిసొంటిది మా ఇంట్లనే..."

"మీ ఇంట్లనే కాదన్నా," అంది కరుణ. "పద, ఆ క్లాసుల ఇట్లాంటి పిల్లలు ఇంకా ఎవరెవరున్నరో వాళ్ల ఇండ్లు చూపియ్యి."