చపాతీ పీట మీద ఇంజను

బెండకాయ వేపుడు తింటుండగా దాలమ్మ పంటి కింద ఏదో పడింది. ఆవిడ దాన్ని నాలుక మీంచి వేలితో తీసి, కంచం అంచున పెట్టి, కొడుకూ మనవరాలూ చూసేదాకా ఆగి అప్పుడు కోడలి వైపు తిరిగింది. "ఓలమ్మ! కూరలో ఈ రాయేటే, రోహిణీ?" అంది. అది రాయి కాదని రోహిణికి చూడగానే తెలిసింది. బూడిదరంగు ప్లాస్టిక్ రవ్వ, రైలింజను బొమ్మ పైకప్పుది. నిన్న ఆమె భర్త చంద్రశేఖర్ దాని అంచు గీకబోయి, బ్లేడు తెగడం లేదని వంటింట్లోకొచ్చి కూరగాయల కత్తి పట్టుకెళ్ళాడు. పని కాగానే కడగకుండా తెచ్చి స్టాండులో గుచ్చేశాడు. ఇప్పుడు ఆ ముక్కని చూసి అతనే ముందు మొహం చిట్లించాడు. "కత్తి కడుక్కోకుండా ఎలా కోసీసినావు? చూసుకోవద్దేటి?" అన్నాడు. తప్పు ఎవరిదైనా కడుక్కోవలసింది రోహిణే. ఆ ఇంట్లో పదమూడేళ్ళుగా ఇదే వాడుక.

చంద్రశేఖర్ ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. ప్లాస్టిక్ మోడల్ కిట్లు కట్టడం అతని సరదా. లారీలు, క్రేన్లు, రైలింజన్లు. రాంచీ అవతల, హిందీ మాట్లాడే ఉక్కు కర్మాగారం ఊళ్ళో, సిద్ధగోరా పేటలో వాళ్ళున్న రెండు గదుల ఇంట్లో ముందుగది సగం అతని బల్లకే పోయింది. దాని మీద మెడ వంచుకునే లైటు, భూతద్దం, తాళం వేసిన సొరుగు. రోహిణి రోజూ ఆ బల్ల దుమ్ము తుడవాలి గాని బల్ల మీదున్న వేటినీ ముట్టుకోకూడదు. అదెలాగో ఆ దేవుడికే తెలియాలి. సొరుగులో విదేశాల నుంచి తెప్పించిన పనిముట్లున్నాయి. "ఆడోళ్ళ చేతిలో పడితే ఒక్కరోజులో మొద్దయిపోతాయివి" అని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు.

కిట్టు కట్టడం పెద్ద విద్యేం కాదు. ముక్కల మీద నంబర్లుంటాయి, పుస్తకంలో బొమ్మలుంటాయి, చూసి అతికించుకుపోవడమే. అంతవరకూ చంద్రశేఖర్‌కి బాగానే వచ్చు. కానీ కట్టేసిన బొమ్మని మళ్ళీ కోసి వేరే బొమ్మగా మార్చాలంటే చెయ్యి కావాలి. పొడవాటి ఇంజనుని నడిమికి కోసి, ఓ రెండంగుళాలు తీసేసి, మిగతా రెండు ముక్కలూ అతుకు కనబడకుండా కలిపితే కర్మాగారం యార్డులో తిరిగే పొట్టి ఇంజనవుతుంది. మొదటిసారి చంద్రశేఖర్ ఆ పనికి గిర్రున తిరిగే మోటారు కట్టరు పట్టాడు. ఆ వేగానికి ప్లాస్టిక్ తెగలేదు, కరిగింది. చక్రం ముందుకెళ్తుంటే వెనకాల మళ్ళీ అతుక్కుపోయింది. బొమ్మని గోడకేసి కొట్టి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ముక్కలు ఏరింది రోహిణి. ఏరినవి పారెయ్యబుద్ధి కాలేదు. పెళ్ళిలో తెచ్చుకున్న ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక రేకు డబ్బా తీసింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. రోహిణి పుట్టి పెరిగింది అదే ఊళ్ళో, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో. ఆ వీధి చివర అగస్టిన్ గారు కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబు నడిపేవారు. ఇంటర్ అయ్యాక అందులో చేరి ఆరేళ్ళు పనిచేసింది. మనుషుల దవడల అచ్చుల్ని వెంట్రుకంత సన్నని బ్లేడుండే తీగరంపంతో పన్ను పన్నుగా కోసేది. "ఈ పిల్ల కోస్తే గీత గీసినట్టుంటుంది" అనేవారు అగస్టిన్ గారు. పెళ్ళిచూపుల్లో దాలమ్మ అన్నీ విని, "ఎవలెవలి ఎంగిలి పళ్ళో ముట్టుకున్న సేతుల్తో నాకు అన్నం ఒడ్డిత్తాదా?" అంది. అందుకని ఉద్యోగం మానిపించారు. తన తీగరంపం, బ్లేడ్లు మాత్రం ఆ రేకు డబ్బాలో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ తర్వాత ఏడేళ్ళకి దాలమ్మకే పళ్ళూడిపోయాయి. చేయించిన సెట్టు చిగుళ్ళకి ఒరుసుకుని ఆవిడ గంజి తాగి ఏడుస్తుంటే, లోపల ఎక్కడెక్కడ గుచ్చుకుంటోందో చూసి నున్నగా అరగదీసి ఇచ్చింది రోహిణి. ఆ పళ్ళతోనే ఇవాళ బెండకాయలు నమిలి ఆవిడ ఈ చేతులకి వంక పెడుతోంది.

మొదటి ఇంజనుని రోహిణి ఆ రంపంతో బాగుచేసినప్పటి నుంచి కోతలన్నీ ఆమెవే అయ్యాయి. అడగడం లేదు, బతిమాలడం లేదు. అతను బొమ్మ మీద పెన్సిలుతో గీత గీసి వంటింటి గట్టు మీద పెట్టేసి వెళ్ళి పడుకుంటాడు. ఆమె మధ్యాహ్నం గిన్నెలు తోమి, కూతురు పద్మశ్రీ బడి నుంచి వచ్చేలోగా చపాతీ పీట బోర్లించుకుని, నేల మీద కూర్చుని కోస్తుంది. బల్ల మీద కూర్చోమని అతను అనలేదు, ఆమె అడగలేదు. దేనికేది పట్టాలో ఆమె చేతికి తెలుసు. పలకలా పల్చగా ఉన్నచోట కత్తి మొన వెనకవైపుతో ఒకే గీత మీద పదిసార్లు గీస్తే చాలు, వంచగానే పుటుక్కున విరుగుతుంది. మందంగా ఉంటే తీగరంపం. రంపం దూరని మూలల్లో, అతుకు వెంట, పరుపులు కుట్టే నైలాను దారం. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ లాగితే ఆ ఒరిపిడికే దిగుతుంది. ముందు మాత్రం గోటితో బొమ్మంతా తట్టి చూసుకోవాలి. లోపల అడ్డగోడ ఎక్కడుందో చప్పుడు మారి చెప్తుంది. ఎంత సన్న బ్లేడు పడితే అంత తక్కువ పోతుంది, పొడై రాలింది మళ్ళీ రాదు. ఇవేవీ చంద్రశేఖర్‌కి తెలియవు. ఒక్కనాడూ కూర్చుని చూడలేదు కదా.

ఆరునెలల కిందట అగస్టిన్ గారి కూతురు క్రిస్టీ ఫోన్ చేసింది. నాన్న చూపు తగ్గింది, ల్యాబు తనే చూసుకుంటోంది. "అక్కా, మెషీన్లొచ్చాయిగాని ఫినిషింగుకి చెయ్యే కావాలి. నువ్వొత్తావా?" అని అడిగింది. ఆ రోజు రోహిణి ఆ ధ్యాసలో పడి రెండుసార్లు పాలు పొంగబోసుకుంది. చంద్రశేఖర్‌తో చెప్తే కాదనలేదు. "క్లబ్బులో హాబీ ఎగ్జిబిషనుంది. ఈ ఇంజను కానియ్యి, ఆ తరవాత అమ్మతో నేను మాట్లాడతాను" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఈ ఆరునెలలూ కోసింది. పొట్టి ఇంజను, దానికి కొత్త క్యాబిను, మెట్లు, కమ్మీలు. వేళ్ళు కమిలిపోయి చింతపండు పిసికితే భగ్గుమనేవి.

బెండకాయ వేపుడు గొడవకి వారం తిరక్కుండా జరిగిన ఎగ్జిబిషనులో చంద్రశేఖర్‌కి కప్పొచ్చింది. ముఖ్య అతిథి వంగి, కళ్ళద్దాలు తీసి, అతుకెక్కడా అని వెతికాడు. ఎలా కోశారని అడిగాడు. రోహిణి రెండడుగుల వెనక అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు చెప్తాడు, ఒక్కమాట అంటాడు అనుకుంది. చంద్రశేఖర్ నవ్వాడు. "హాథ్ మే క్యా హై, సర్. సబ్ టూల్ కా కమాల్ హై" అన్నాడు. చేతిలో ఏముంది, మహిమంతా పనిముట్టుదేనట. పద్మశ్రీ ఊరుకోలేదు. "అంకుల్, యే తో మమ్మీ నే కాటా హై!" అంది గట్టిగా, ఇది కోసింది అమ్మేనని. "హా బేటా, సబ్జీ భీ మమ్మీ హీ కాట్‌తీ హై" అన్నాడు తండ్రి. కూరగాయలు కూడా అమ్మే కోస్తుందని విని మగాళ్ళందరూ పకపకా నవ్వారు. ముఖ్య అతిథి పిల్ల బుగ్గ గిల్లాడు. పద్మశ్రీ నవ్వలేదు, తల్లి మొహం చూసింది. ఆ చూపుకే రోహిణి తల దించుకుంది. ఇంతకాలం మొగుడు చేసిన అవమానానికి ఎన్నడూ దించని తల అది.

ఇంటికొచ్చాక అడిగింది. "అత్తయ్యతో మాట్లాడతానన్నారు."

"ఏ సంగతి?" అన్నాడతను, కప్పుని అల్మారాలో అటూ ఇటూ జరుపుతూ.

"ల్యాబు సంగతి."

"ఓ, అదా! ఇప్పుడేటి తొందర? జనవరిలో రాంచీలో పెద్ద ఎగ్జిబిషనుంది. స్టీమింజను సేద్దాం. అదయ్యాక సూద్దాం."

పక్కగదిలోంచి దాలమ్మ అందుకుంది. "ఇంట్లో సేతినిండా పనుండగా ఊరోళ్ళ నోట్లో సెయ్యెట్టడం ఏటే? బుద్దుందా నీకు?"

రోహిణికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. సంగతి మర్చిపోయినందుకు కూడా కాదు. "సేద్దాం" అన్నందుకు. వంటింట్లో నేల మీద కూర్చున్నప్పుడు ఆమె ఒక్కతే. కప్పు పుచ్చుకున్నప్పుడు అతనొక్కడే. మళ్ళీ కొయ్యాల్సొచ్చేసరికి మాత్రం ఇద్దరూనా?

సోమవారం చంద్రశేఖర్‌కి వీక్లీ ఆఫ్, పొద్దెక్కేదాకా లేవడు. రోహిణి తెల్లారే లేచి అన్నం, పప్పు, వంకాయ కూర చేసింది. కూరగాయల కత్తి రెండుసార్లు కడిగి స్టాండులో పెట్టింది. పిల్లని బడికి పంపింది. రేకు డబ్బా తెచ్చి అందులోవన్నీ మొగుడి బల్ల మీద వరసగా పేర్చింది. తీగరంపం ఫ్రేము, డజను బ్లేడ్ల పొట్లం, కత్తి, నైలాను దారం ఉండ. మెడ వంచుకునే లైటు వాటి మీదికి తిప్పింది. పదమూడేళ్ళలో ఆ బల్ల మీది వస్తువు ఒకటి ముట్టుకోవడం అదే మొదలు.

"అత్తయ్యా, ల్యాబుకెళ్తున్నాను. అన్నం కుక్కర్లో ఉంది."

"ఆడికి సెప్పినావేటి?"

"ఆరునెల్లుగా చెప్తూనే ఉన్నాను" అని చెప్పులేసుకుంది.

షేరాటోలో సాక్చీ దాకా, అక్కడ మారి బాగ్‌బేరా. ల్యాబు గుమ్మంలో అడుగుపెట్టేసరికి పళ్ళ సెట్లకి కలిపే ద్రవం వాసన గుప్పుమని కొట్టింది. క్రిస్టీ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుండగానే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? ఈ బ్లేడ్లేటి, పట్టుకుంటే విరిగిపోతన్నాయి! నాలుగు పోయాయి. ఎలగ కోత్తావు దీంతో?"

రోహిణికి అక్కడ్నించే కనబడింది. బ్లేడు పళ్ళు బయటివైపుకి తిప్పి బిగించి ఉంటాడు, వడ్రంగి రంపంలా ముందుకి తోస్తూ ఉంటాడు. ఈ బ్లేడు తోస్తే తెగదు, వంగి విరుగుతుంది. పళ్ళు పిడివైపుకి ఉండాలి. మనవైపుకి లాగితేనే తెగుతుంది. లాగండి, అంటే చాలు. ఒక్క మాట. ఇన్నేళ్ళూ ఇలాంటి మాటలెన్నో ఆమె అడగకుండానే అందించింది, అవి అతని నోట అతని తెలివితేటలై నలుగురిలోకీ వెళ్ళాయి.

"టూల్స్ అన్నీ అక్కడే ఉన్నాయి కదండీ" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత కొంగు దోపుకుని, ల్యాబంతా ఒకసారి కలయజూసి అడిగింది.

"క్రిస్టీ, నా బల్ల ఏది?"