అయిదో బిళ్ళ

నేను పాత కెమెరాలు బాగుచేస్తాను. ఎంత మొండికేసిన షట్టరునైనా దారికి తెస్తాను గాని, నా నోటికి మాత్రం షట్టరు లేదు. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన మూడో రోజునే కనిపెట్టింది. ఆవిడ కనిపెట్టలేనిది ఒకటుంది. ఒక్క విషయంలో ఈ నోరు ముప్పై ఒక్క ఏళ్ళుగా బిగుసుకునే ఉంది.

మా నాన్నది ఫోటో స్టూడియో. ఆయన ప్రాణమంతా చెప్పుల డబ్బా అంత చెక్కపెట్టెలో ఉండేది. లోపల మఖమల్ గుంటల్లో ఒక ఇత్తడి గొట్టం, దానికి మరలతో ఎక్కే అయిదు లెన్సు బిళ్ళలు. గొట్టం వెనక ఒక్క బిళ్ళ బిగిస్తే ముఖం నిండుగా వస్తుంది. ముందొకటీ వెనకొకటీ బిగిస్తే చూపు వెడల్పై పెళ్ళిబృందం మొత్తం పడుతుంది. ఏ జతకు ఏ కొలతో మూత లోపల అంటించిన కాగితం చెబుతుంది. "గొట్టం ఒకటే, గొప్పలు అయిదు" అనేవాడు నాన్న. మాటల పిచ్చి నాకు ఊరికే రాలేదు.

అయిదో బిళ్ళ అన్నిటికన్నా పెద్దది. ముఖాలన్నీ దానితోనే తీసేవాడు. నా పందొమ్మిదో ఏట, ఆయన ఊళ్ళో లేని రోజు, తుడుస్తూ తుడుస్తూ దాన్ని రాతిగచ్చు మీద జారవిడిచాను. లెన్సు పగలగొట్టినవాడు లెంపలేసుకోవాలి. నేను తుక్కు ట్రంకు తెరిచాను. అందులో ఏదో అనామక లెన్సుది సరిగ్గా అంతే చుట్టుకొలత ఉన్న గాజు దొరికింది. కిటికీ బొమ్మను గోడ మీద పడేసి దూరం కొలిచి, మూతలోని కాగితంతో పోల్చి చూశాను. వేలెడు తేడా కూడా లేదు. అసలు బిళ్ళ ఇత్తడి రింగుకు గీత కూడా పడలేదు కాబట్టి, ఆ రింగులోనే ఈ గాజును బిగించి గుంటలో పడుకోబెట్టాను. నా జీవితంలో నేను చేసిన అతి చక్కని రిపేరు అదే. ఖర్మ.

తేడా ఎక్కడంటే, అసలు గాజు నాలుగు పొరలది, నేను పెట్టింది రెండు పొరలది. గొట్టంలో వెలుతురు వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి ఫోకస్ చేస్తే కెమెరా వెనక గరుకు అద్దం మీద బొమ్మ నిక్కచ్చిగా ఉంటుంది. ఫోటో తీయడానికి రంధ్రం తగ్గించగానే ఫోకస్ చల్లగా పక్కకు జరిగిపోతుంది. అద్దం మీద ఉన్న కనురెప్ప వెంట్రుక నెగెటివ్‌లో ఉండదు. ఇదంతా నాకు అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. అప్పటికి పొరల తేడా పొరపొచ్చాల దాకా పోయింది.

ఎందుకంటే నల్లగుడ్డ కింద దూరి ఫోకస్ చేసేది మా అన్నయ్య.

"నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా?" అని నాన్న అరిచేవాడు.

"అద్దంలో సరిగ్గానే ఉంది నాన్నా, ఒట్టు!" అనేవాడు అన్నయ్య. నిజంగానే ఉండేది. నేను పక్కన నిలబడి కెమెరా స్టాండు తుడిచేవాణ్ణి. మూడు నెలలకు నాన్న వాణ్ణి కెమెరా దగ్గరికి రావద్దన్నాడు. వాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడట. అయినా వాడు స్టూడియో వదిలేసి కరెంటు మీటర్లు చదివే ఉద్యోగంలో చేరాడు. చూపు లేదని గెంటిన మనిషి చూపుతో చేసే పనిలో కుదురుకున్నాడు. ఇది జోకు కాదు, కానీ నేను చాలాచోట్ల జోకులా చెప్పాను.

తరవాత నాన్నే గుడ్డ కింద దూరాడు. అదే మసక. ఒకరోజు ఆయనకు గాజు మీదే అనుమానం వచ్చి పెట్టె తెరిచాడు. రింగు మీద నంబరు చదివాడు, గొట్టం మీద నంబరుతో పోల్చాడు, మూత వేశాడు. పరాయి లెన్సు కొనేటప్పుడు దీపం ఎదురుగా పెట్టి గాజులో మెరిసే చుక్కలు లెక్కపెట్టే మనిషి, సొంత పెట్టెకు నంబరు చాలనుకున్నాడు. నంబరూ సరిపోయింది, నమ్మకమూ సరిపోయింది. లోపం తన కళ్ళదేనని తేల్చుకున్నాడు. చుక్కల మందులు, మూడు కళ్ళజోళ్ళు. ఆరేళ్ళకు స్టూడియోకు తాళం. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ రోజు అన్నయ్య పెట్టెలోంచి గొట్టం ఒక్కటే అడిగి తీసుకెళ్ళాడు. బిళ్ళలు నాకు మిగిలాయి.

మొన్న మ్యూజియం మేడమ్ వచ్చింది. నాన్న తీసిన ముఖాలు నలభై దొరికాయట, ఒక గది నిండా పెడతారట, మధ్యలో గాజు పెట్టెలో ఈ సెట్టు. "సెట్టు మొత్తం అసలుదేనని మీరు కాగితం రాసివ్వాలి. ఈ పాత సెట్లు పోల్చగలిగేది మీరేనని అందరూ అన్నారు" అంది. గోడ మీద పెట్టబోయే అట్ట ముక్క కూడా చదివి వినిపించింది: "చివరి ఆరేళ్ళలో చూపు మందగించినా ఈ కళాకారుడు ముఖాలు తీయడం మానలేదు."

నాన్న పేరు గోడకెక్కుతోంది. నా అబద్ధం కూడా దానితోపాటే ఎక్కుతోంది. నిజం చెప్పాలంటే ఇంతకన్నా మంచి వేళ దొరకదు.

గొట్టం తెమ్మని కబురు పెడితే అన్నయ్య ఆదివారం పొద్దున్నే దుకాణానికి వచ్చాడు, అప్పటికే మేడమ్ వచ్చి కూచునుంది. గుడ్డలో చుట్టిన గొట్టాన్ని బల్ల మీద పెట్టి, "ఏరా చిన్నోడా, ఇంకా ఇల్లెగిరిపోయేలాగే మాట్లాడుతున్నావా?" అన్నాడు.

"గొట్టం నీ దగ్గరుంటే నేను అరవకేం చెయ్యను అన్నయ్యా?" అన్నాను. మేడమ్ నవ్వింది. వాడు కూడా కొంచెం నవ్వాడు.

నంబర్లు పోల్చి చూపించాను. గొట్టం మీదా అయిదు రింగుల మీదా ఒకటే అంకె. మేడమ్ ఫోటోలు తీసుకుంది.

"నంబరు ఒక్కటే కాదండీ" అన్నాడు అన్నయ్య. "మా నాన్న చుక్కల లెక్క నేర్పాడు. చూపించరా మేడమ్‌కి."

టార్చి వెలిగించక తప్పలేదు. మొదటి బిళ్ళలో రెండు గట్టి చుక్కలు, మూడు నీరసం చుక్కలు, వెరసి అయిదు. "గాలి తగిలే వైపులు గట్టిగా మెరుస్తాయి, గాజూ గాజూ అతుక్కున్న చోటు నీరసంగా మెరుస్తుంది. మా ఇంట్లోనూ అంతేనండీ, గాలి తగిలినవాడికే మెరుపు!" అన్నాను. మేడమ్ మళ్ళీ నవ్వింది. రెండోది అయిదు. మూడోది అయిదు. నాలుగోది అయిదు.

అయిదో బిళ్ళ నా ఎడమచేతిలో ఉంది. దానిలో మూడే ఉంటాయి.

"ఊఁ" అన్నాడు అన్నయ్య. వాడి చూపు గాజు మీద లేదు, నా ముఖం మీద ఉంది.

"మిగతాది కూడా ఇదే బాపతండీ. చుక్కలు లెక్కపెడుతూ కూచుంటే పగలే చుక్కలు కనిపిస్తాయి!" అని టార్చి ఆర్పేశాను.

మేడమ్ పకపకా నవ్వి కాగితం ముందుకు జరిపింది. "సెట్టు సంపూర్ణం, అన్నీ అసలువే" అని రాసి సంతకం చేశాను. పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

అన్నయ్య కదలలేదు.

"నాన్న పోయిన రోజే లెక్కపెట్టానురా" అన్నాడు. "మూడే."

"మరి... అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు ఒప్పుకునేవాడివి, పట్టుబడ్డావు కాబట్టి. అందుకే గొట్టం పట్టుకుపోయా. ఎప్పటికైనా ఆ పెట్టెతో పనిపడి నా దగ్గరికొస్తావు, ఆ రోజు నీ అంతట నువ్వే చెబుతావనుకున్నా." గొట్టం చుట్టి తెచ్చిన గుడ్డను మడత పెట్టాడు. "ఇందాక టార్చి నీ చేతే పట్టించా కదరా."

"అన్నయ్యా, నాకప్పుడు పందొమ్మిదేళ్ళు."

"ఇందాక యాభై."

వాడు వెళ్ళాక దుకాణం తలుపు వేసి మ్యూజియానికి ఫోన్ చేశాను. గాజు పగలడం, రింగులో పరాయి గాజు, నాన్న కళ్ళకు ఏ రోగమూ లేకపోవడం, అన్నయ్య తప్పేమీ లేకపోవడం, అన్నీ చెప్పేశాను. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఆవిడ చాలాసేపు విన్నది.

"పెద్దవారు, ఇంత బాధపడుతున్నారు, అర్థమైంది" అంది చివరికి. "కానీ చూడండి, మా కమిటీ వాళ్ళకు ఆ మసక ముఖాలే తెగ నచ్చేశాయి. గది మొత్తం వాటి మీదే కట్టాం. చూపు పోతున్న మనిషి తీసినవని చెబితే ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అట్ట ముక్కలు అచ్చుకు వెళ్ళిపోయాయి. ఇప్పుడు గాజు తప్పంటే ఏం బాగుంటుంది? ఉంచేద్దామా?"

కాదనాలి. కాదనడానికే చేశాను ఫోన్.

"మీ ఇష్టమండీ" అన్నాను. ఆ మాట అన్నాక గుండె ఎంత తేలికైందో చెబితే నా మీద నాకే అసహ్యం.

అన్నయ్యకు ఫోన్ చేశాను. "చెప్పేశాను అన్నయ్యా, అంతా."

"ఏమంది?"

చెప్పాను.

"నువ్వేమన్నావు?"

"ఆవిడ ఇష్టమన్నాను."

అవతల వాళ్ళింట్లో కుక్కర్ కూత వినిపించింది, వదిన ఎవర్నో పిలవడం వినిపించింది.

"ప్రారంభానికి కార్డు పంపుతారట, నువ్వూ వదినా..."

"నాకు ఆ రోజు డ్యూటీ ఉంది" అన్నాడు.

ఏ రోజో నేనింకా చెప్పలేదు.