పద్నాలుగో గోల్

కోచ్ బ్రెన్నా ఓల్సెన్ పంపిన జవాబు మూడే మూడు ముక్కలు. "ఉత్తరానికి థాంక్స్. మీ నాన్నగారిని అడిగానని చెప్పు. ఈసారి నువ్వు రాయి."

సిగ్నె కాంగస్ దాన్ని, మంచు మీద హాకీ ఆడే రింక్ మెట్ల మీద కూర్చుని నాలుగుసార్లు చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. తను ఆ కోచ్‌కి ఎప్పుడూ ఏమీ రాయలేదు. హాకీ వ్యవహారాల కోసమని తనకి పన్నెండేళ్ళప్పుడు తండ్రి తెరిచిన ఈమెయిల్ ఖాతా అది. అందులో పంపిన ఉత్తరాలు తెరిచి చూస్తే పంతొమ్మిది కాలేజీల కోచ్‌లకి పంతొమ్మిది ఉత్తరాలు, అన్నిటి కిందా తన పేరే. "గోల్ ముందు నేను ఉక్కుగోడను" అని మొదలు. చివర్లో, జట్టులో చేరితే పళ్ళకి బీమా ఉంటుందా అని ఒక ప్రశ్న. పదిహేడేళ్ళ పిల్ల ఎవతైనా పళ్ళ బీమా గురించి అడుగుతుందా? మిగతా పద్దెనిమిదిమందీ ఎందుకు నోరు మెదపలేదో ఆమెకి అప్పుడర్థమైంది.

ఆ పద్దెనిమిదీ పోతే పోయాయి. కానీ ఓల్సెన్ ఉన్నది లేక్ మార్టెన్ కాలేజీలో. సిగ్నెకి కావలసింది ఆ ఒక్కటే. అక్కడ టెస్కె అని ఒక ప్రొఫెసర్ ఉన్నాడు, సరస్సుల మీద పేరుకునే మంచు గురించి పరిశోధిస్తాడు. సెప్టెంబరులో సిగ్నె ఎవరికీ చెప్పకుండా, తన సొంత మాటల్లో, బడి ఖాతా నుంచి ఆయనకి రాసింది. తాత వదిలివెళ్ళిన, మంచు తొలిచే బర్మాతో నాలుగు చలికాలాలుగా ఊరి సరస్సులో రంధ్రాలు వేసి మంచు మందం కొలుస్తున్నానని, ఆ లెక్కల పుస్తకం తన దగ్గరుందని. ఆయన బదులుగా రెండు పేజీల ప్రశ్నలు పంపాడు. చలికాలంలో ప్రతి బుధవారం మధ్యాహ్నం విద్యార్థులు తనతో సరస్సు మీదికి వస్తారనీ, కాలేజీలో చేరితే ఆమెకీ అక్కడ చోటుందనీ రాశాడు.

చేరడమే కష్టం. ఆమె లెక్కల మార్కులు అంతంతమాత్రం. అది చిన్న కాలేజీ, ఏరి ఏరి తీసుకుంటారు. కోచ్ ఒక్క మాట వేస్తే అడ్మిషన్ల ఆఫీసు తలుపు సగం తెరుచుకున్నట్టే. ఆ మాట వెయ్యవలసిన మనిషి ముందే తండ్రి తనని నవ్వులపాలు చేశాడు.

డేల్ కాంగస్ యంత్రాల గదిలో నిలబడి మాంసం కూరిన పాస్టీ తింటున్నాడు. ఆ రింక్‌లో మంచు పోసేది, గీతలు పడ్డ మంచుని బండి నడిపి నున్నగా చేసేది ఆయనే. ఇరవై రెండేళ్ళలో ఆయన మంచుకి వంక పెట్టినవాడు లేడని ఊళ్ళో అందరికీ తెలుసు, తెలియనివాళ్ళకి ఆయనే చెబుతాడు. కూతురు ఫోన్ ముఖం ముందు పెడితే తాపీగా చదివి, మూతి తుడుచుకున్నాడు.

"నీ గురించి నీకంటే నాకే బాగా తెలుసు. నిన్ను రాయమంటే మూడు లైన్లు రాసి ఊరుకుంటావు."

"అయితే గోల్‌లో కూడా నువ్వే నిలబడు నాన్నా. ఊడేవి నీ పళ్ళే అవుతాయి."

ఆ సాయంత్రమే ఖాతా పాస్‌వర్డ్ మార్చేసింది. ఇంట్లో తల్లి లోర్నా ఇద్దరి మొహాలూ చూసి ముందు సూపు వడ్డించింది.

గోల్‌కీపర్లంతా కోచ్‌లకి వీడియోలు పంపుతారు. ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళని తాము ఆపిన దృశ్యాలన్నీ వరసగా పేర్చి, వెనక డప్పుల మోత పెట్టి. డేల్ చేసిందీ అలాంటిదే. అది చూస్తే సిగ్నె పుట్టాక ఒక్క గోల్ కూడా వదల్లేదనిపిస్తుంది. ఆమె దాన్ని పక్కన పడేసింది. రింక్ కెమెరాలో కిందటి చలికాలం ఆటలన్నీ మూడు సాయంత్రాలు కూర్చుని చూసింది. తను వదిలేసిన ఇరవై రెండు గోల్స్‌నీ ఏరి ఒకచోట కట్టి, ఒక్కోదానికీ తన గొంతుతో తప్పు చెప్పింది. ఎడమకాలు తొందరపడి వంచాను. బిళ్ళని వదిలేసి కొట్టే పిల్ల కళ్ళని చూశాను. ఇక్కడ భయపడ్డాను. పద్నాలుగోదానికి మాత్రం ఏమీ చెప్పలేదు.

చేసినదాన్ని దాచకుండా తండ్రికీ చూపించింది. ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ట్రక్కు అమ్ముకునేవాడెవడైనా తుప్పు పట్టిన చోట్లే ఫొటోలు తీసి పెడతాడా?"

"కొనేవాడు వంగి చూసేది వాటినేగా."

పద్నాలుగో గోల్ వచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు. కూతురూ ఆయన వైపు చూడలేదు. తర్వాత ఆయన ఉత్తరం చదివాడు. చలికాలంలో బుధవారాలు మధ్యాహ్నం ప్రొఫెసర్ టెస్కెతో సరస్సు మీద ఉంటాను, ప్రాక్టీసుకి రాలేను అని ఉంది అందులో. ఆయన గొంతు తగ్గింది. వీడియో నీ ఇష్టం, ఆ బుధవారం ముక్క మాత్రం తీసెయ్యి తల్లీ అని బతిమాలాడు. జట్టులో చేరాక మెల్లగా చెప్పుకోవచ్చన్నాడు.

"ఇప్పటికే నా పేరుతో పంతొమ్మిది అబద్ధాలు వెళ్ళాయి," అని సిగ్నె ఆయన కళ్ళముందే పంపు మీట నొక్కింది. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

పదకొండు రోజులకి, శనివారం ప్రాక్టీసు కాగానే కోచ్ ఫోన్ చేసింది. డేల్ బండి ఆపి దిగివచ్చాడు. సిగ్నె ఫోన్‌ని బెంచీ మీద పెట్టి, కావాలనే స్పీకరు నొక్కింది. ఇక తన గురించి ఎవరూ చాటుగా మాట్లాడక్కర్లేదు.

ఇరవై రెండూ చూశానంది ఓల్సెన్. రెండుసార్లు చూసిందట. గొంతులో మెప్పూ లేదు, కోపమూ లేదు.

"పద్నాలుగోదానికి నోరు విప్పలేదేం?"

"దానికి చెప్పడానికేం లేదు కోచ్."

డేల్ చేతిలో టోపీ నలుపుతున్నాడు. ఆ పద్నాలుగో గోల్ పడ్డ రోజు ఆట మధ్య విరామంలో ఆయన ప్రేక్షకుల మెట్లెక్కి, కూతుర్ని వీడియో తియ్యడానికి ఫోన్ బిగించుకుంటూ కూర్చున్నాడు. మంచు మీద కొత్త పొర కట్టేందుకు నీళ్ళు పోయడం ఆలస్యమైంది. ఎడమ మూల గట్టిపడనేలేదు. సిగ్నె అందుకుందామని ముందుకొచ్చిన బిళ్ళ ఆ తడి మంచులో ఆగిపోయింది, ఎదుటి జట్టు పిల్ల దాన్ని ఖాళీ గోల్‌లోకి తోసేసింది. ఊరంతా సిగ్నెనే తిట్టింది. ఇన్నాళ్ళూ తండ్రీ నోరు విప్పలేదు, కూతురూ విప్పలేదు.

ఆయన ఫోన్ మీదికి వంగాడు. "అది నా తప్పండీ. నేను డేల్‌ని, ఇక్కడ మంచు పోసేది నేనే. మా అమ్మాయి వీడియోల పిచ్చిలో పడి నీళ్ళు ఆలస్యంగా పోశాను. మూల పచ్చిగా ఉండిపోయింది."

ఓల్సెన్ ఈసారి ఆయనతోనే మాట్లాడింది.

"కాంగస్ గారూ, ఇన్నాళ్ళకి మీ దగ్గర్నుంచి నమ్మదగ్గ మాట ఒకటి విన్నాను."

సిగ్నె ఫోన్‌కి దగ్గరగా జరిగింది. "మూల తడిగా ఉందని నాకు ముందే కనిపించింది కోచ్," అంది. "మంచు సంగతి తెలిసుండీ ముందుకొచ్చాను. లెక్కలో అది నాదే."

కాగితాల చప్పుడు వినిపించింది. అడ్మిషన్ల ఆఫీసుకి తన మాటగా రాస్తానంది కోచ్. డేల్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. కానీ ఆ బుధవారాల సంగతి కుదరదంది ఆమె. తన జట్టులో ఎవరూ ప్రాక్టీసు మానరట, ఆ ప్రొఫెసర్‌తో మాట్లాడి మానుకొమ్మంది. డేల్ కూతురి వైపు చూసి తలూపాడు, సరేనను అన్నట్టు.

"మానుకోను కోచ్," అంది సిగ్నె. "బుధవారం రానందుకు నన్ను ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెడితే కూర్చుంటాను. ఆ మాట మీరు వద్దనుకుంటే రాయకండి. సరస్సు మాత్రం వదలను."

డేల్ ఈసారి తల ఊపలేదు. టోపీ పెట్టుకుని కూతురి పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.

"గోల్‌కీపర్లు ఇంకో ఇద్దరున్నారు నాకు," అంది ఓల్సెన్ చివరికి. "రాస్తానన్న మాట రాస్తాను. కానీ నువ్వు లేని ప్రతి బుధవారం ఆ ఇద్దరూ నీ చోటు లాక్కోవాలనే చూస్తారు."

"చూడనివ్వండి," అంది సిగ్నె. "గురువారం నేనొస్తాగా."