తోసుకొచ్చిన ఆటోలు

రత్తయ్య చెంప మీద పడిన దెబ్బ భవానీపురం పెట్రోలు బంకు ముందున్న వాళ్లందరికీ వినిపించింది.

ఆయన అన్నదల్లా ఒక్క మాట. "పొద్దున ట్యాంకరొచ్చి దింపిపోయింది కదండీ. నేను చూశాను. స్టాకు లేదంటారేంటండీ?"

"చూసిందల్లా వాగుతావా?" అంటూ కొట్టాడు బంకు యజమాని రామకోటేశ్వరరావు. అరవై దాటిన మనిషిని, కొడుకు వయసున్నవాడు కొట్టాడు. 'స్టాకు లేదు' అన్న అట్ట పంపుకు వేలాడుతూనే ఉంది. అడ్డంగా తాడు కట్టేసి ఉంది. తాడుకు ఇవతల రోడ్డు మలుపుదాకా ఆటోలు బారులు తీరి ఉన్నాయి.

ఖాలిక్ బండి రత్తయ్య వెనకే ఉంది. కొట్టిన చెయ్యి పట్టుకుందామని ముందుకు ఉరికాడు గానీ సగంలోనే ఆగిపోయాడు. అతను నడిపే ఆటో రామకోటేశ్వరరావుది. రత్తయ్యదీ అంతే. ఆ బారులో చాలా బళ్లు ఆయన అద్దెకిచ్చినవే. అద్దె ఆయనకే కట్టాలి, పెట్రోలు ఆయన బంకులోనే పోయించుకోవాలి. నోరెత్తితే సాయంత్రానికి ఆ బండి మీద ఇంకొకడు కూర్చుంటాడు. ఎవరూ కదల్లేదు. రత్తయ్య తల దించుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

రెండువేల సంవత్సరం దసరా రోజులవి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, గ్యాసు అన్నీ పెరుగుతాయని అప్పటికే ఊరంతా గుప్పుమంది. మర్నాడు పేపర్లో పడనే పడింది. బంకులో అట్ట మాయమైంది, తాడు తీసేశారు. కొత్త ట్యాంకరేదీ రాకుండానే పెట్రోలు పుట్టుకొచ్చింది, కొత్త ధరకు.

ఖాలిక్ పోయించుకున్నాడు. పోయించుకోక ఏం చేస్తాడు? బండి తిప్పితే వచ్చింది అద్దెకూ పెట్రోలుకూ సరి. తిప్పకపోతే అదీ లేదు.

గొల్లపూడి నుంచి ఆకుకూరల గంపలతో మార్కెట్టుకు వచ్చే మాణిక్యమ్మ రోజూ అతని ఆటోనే ఎక్కుతుంది. తోడు మరో నలుగురు ఆడవాళ్లు.

"పిన్నీ, ఇవాళ్టి నుంచి ఇంకో రూపాయి ఎక్కువివ్వాలి. పెట్రోలు పెరిగింది."

"నా పొయ్యిలోకి కిరసనాయిలూ పెరిగింది. అలాగని తోటకూర కట్ట మీద రూపాయి వేస్తే ఎవరు కొంటారయ్యా? నీకు పెరిగితే నా మీద వేస్తున్నావు. నేనెవరి మీద వెయ్యను?"

"నేను మాత్రం ఎక్కణ్ణించి తేను? బండి నీళ్లతో నడవదు కదా!"

"నువ్వూ ఆ బంకోడూ ఒకటేరా!"

దిగి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది మాణిక్యమ్మ. మిగతా వాళ్లూ దిగిపోయారు. ఆ మాట ఖాలిక్ గుండెలో ముల్లులా దిగింది. కొట్టినవాణ్ణి ఏమీ అనలేకపోయాడు. తనకన్నా లేనిదాని మీద మాత్రం గొంతు లేచింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. భార్య ముబీనా ఏమైందని అడగలేదు. ఇంకో గరిటెడు పులుసు వడ్డించి గోడకానుకుని కూర్చుంది.

సాయంత్రం ఆటో స్టాండులో యూనియన్ కార్యదర్శి అబ్రహాము అందర్నీ పోగుచేశాడు.

"చార్జీలు పెంచమని కలెక్టరుగారికి అర్జీ పెడదాం" అన్నాడొకడు.

ఖాలిక్ లేచాడు. "పెంచి ఎవరి దగ్గర లాగుతాం? మాణిక్యమ్మ దగ్గరా? ఆమె పెంచిందా పెట్రోలు?"

"నీతులు చెప్పకు ఖాలిక్. ఇంట్లో పిల్లలున్నారు" అన్నాడు ఆ మొదటివాడు.

"ఆమెకి లేరా?"

అబ్రహాము చెయ్యెత్తి ఆపాడు. "వినండి. అరబ్బు దేశాల్లో ముడిచమురు పెరిగిందంటున్నారు. పెరిగింది, నిజమే. కానీ అది మన బంకుదాకా వచ్చేసరికి దాని మీద ఢిల్లీ పన్ను పడుతుంది, ఆ పైన హైదరాబాదు పన్ను. ఆ పన్ను శాతం లెక్కన వేస్తారు. ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. మన నడ్డి విరిగినప్పుడల్లా సర్కారు ఖజానా నిండుతుందన్నమాట. నడిమధ్య ఇదుగో, సరుకు దాచుకునే రావుగార్లు!"

"అయితే ఢిల్లీని మనమేం చేస్తామయ్యా?" అన్నారెవరో. ఎటు తిరిగినా గోడే అన్నట్టుంది అందరి మొహాల్లో.

రత్తయ్య ముందుకొచ్చాడు. "ఢిల్లీ దూరం. బంకు ఇక్కడే ఉంది కదరా. దాచిన సరుకు పాత ధరకే అమ్మాలి. బండ్ల అద్దె తగ్గించాలి. అక్కణ్ణించి మొదలెడదాం."

"బండి లాక్కుంటాడు బాబాయ్" అన్నాడు ఖాలిక్.

"ఒక్కడు అడిగితే లాక్కుంటాడు."

పొద్దున్నే ఖాలిక్ మార్కెట్టుకు వెళ్లాడు. మాణిక్యమ్మ మొహం తిప్పుకుంది. అతను విషయమంతా చెప్పాడు. "మీరు రాకపోతే ఇది మా గొడవేనంటారు పిన్నీ. మీరొస్తే అందరిదీ అవుతుంది."

ఆమె కూరల మీద తడిగుడ్డ కప్పి, కొంగు దోపుకుని లేచింది.

ఆ రోజు భవానీపురం ఎన్నడూ చూడనిది చూసింది. ఇంజన్లు ఆపేసి, డ్రైవర్లు ఆటోలు తోసుకుంటూ వచ్చారు. వెనక నుంచి కూరలమ్మే ఆడవాళ్లు చెయ్యేశారు. దారిలో ఎర్రజెండా పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు కలిశారు. "పాత సరుకు పాత ధరకే!" అని అరుస్తూ బంకు చుట్టూ బళ్లు నిలబెట్టారు.

"సివిల్ సప్లయిస్ ఆఫీసర్లని పిలిపించండి. ట్యాంకరెప్పుడొచ్చిందో తేల్చండి" అన్నాడు అబ్రహాము.

రామకోటేశ్వరరావు ఫోను చేశాడు. ఆఫీసర్లు రాలేదు, పోలీసులొచ్చారు. లాఠీ ఎత్తిన ఎస్సైకీ రత్తయ్యకీ మధ్య ఈసారి ఖాలిక్ ఆగకుండా వెళ్లి నిలబడ్డాడు. నుదురు చిట్లింది. బంకు తగలబెట్టబోయాడని కేసు రాసి, అతణ్ణి స్టేషనుకు ఈడ్చుకుపోయారు.

జనం స్టేషనుదాకా వెంట వచ్చారు. రత్తయ్యా మరికొందరూ లోపలికి వెళ్లారు. కాసేపటికి రామకోటేశ్వరరావు లోపలికొచ్చి, ఖాలిక్ కళ్లెదుటే, బంకు దగ్గర ఉండిపోయిన అతని ఆటో తాళంచెవి రత్తయ్య ముందుకు చాపాడు.

"ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నానులే. ఈ బండి కూడా నీదే అనుకో. మీ అల్లుడు ఖాళీగా ఉన్నాడుగా, సగం అద్దెకి తిప్పుకోమను."

ఖాలిక్ రత్తయ్య చేతి వైపు చూశాడు. రత్తయ్య ఇంట్లో ఎంత ఇబ్బందో అతనికి తెలుసు. తీసుకున్నా తప్పుపట్టలేడు.

రత్తయ్య జేబులో చెయ్యి పెట్టి తన బండి తాళంచెవి తీశాడు. ఎస్సై బల్ల మీద పెట్టాడు. "ఇదీ మీరే ఉంచుకోండి" అన్నాడు. అతని వెనకున్న వాడూ పెట్టాడు. ఆ వెనకవాడూ. తలుపు దగ్గరున్న వాళ్లు చేతులు మార్చి మార్చి లోపలికి అందించారు.

"ఆకలేస్తే మీరే వస్తార్రా నా కాళ్ల దగ్గరికి!" అని అరిచాడు రామకోటేశ్వరరావు. బల్ల మీద తాళాలు కుప్ప పడ్డాయి. ఆ బళ్లన్నీ ఆయనవే. వాటిని రోడ్డెక్కించే చెయ్యి ఒక్కటీ ఆయనది కాదు.

పెట్రోలు ధర ఆ రోజు పైసా తగ్గలేదు. సాయంత్రం ఖాలిక్‌ను జైలుకు పంపారు. వ్యాను గేటు దాటుతుంటే జాలీలోంచి బయటికి చూశాడు. కబురు విని వచ్చిన ముబీనా జనంలో, మాణిక్యమ్మ భుజం పట్టుకుని నినాదం ఇస్తోంది. ఆమె అంటుంటే వందమంది అందుకుంటున్నారు.

ఆమె గొంతు అంత పెద్దదని అతనికి అప్పటిదాకా తెలియదు.