రెండు నిమిషాల గంట

నేను ఒక కంచు గంటను, చేత్తో పట్టుకుని ఊపే రకం. కంచు, ఇత్తడి పనికి పేరున్న అజ్జరంలో నన్ను పోతపోశాక మొదట ఒక చిన్న బడికి వెళ్లాను. సాయంత్రం నేను మోగితే పిల్లలు తలుపులు తోసుకుని బయటికి పరుగెత్తేవారు. బడికి కరెంటు గంట వచ్చాక పుల్ల ఐసు అమ్మే ఒకతని బండెక్కాను. అప్పుడూ నేను మోగితే పిల్లలు ఇళ్లల్లోంచి బయటికే వచ్చేవారు. అతను మంచాన పడ్డాక పాతసామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నది భీమవరం వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీ. ఆ తర్వాత నేను మోగితే మనుషులు నోరు మూసుకునేవారు.

ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు బల్లల ముందు బారులు తీరి నిలబడి, ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తారు. చల్లదనం కోసం గొట్టాల్లో అమ్మోనియా గ్యాసు తిరుగుతుంటుంది. అది బయటికొస్తే కళ్లు మండిపోతాయి, ఊపిరాడదు. అందుకని నెలకోసారి భద్రతా కమిటీ మీటింగు పెట్టేవారు. మేనేజరు ప్రభాకరం గారు ఏదో చదువుతుంటే సభ్యులు కునికిపాట్లు పడేవారట. మీటింగు హుషారుగా ఎలా జరపాలో నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ముందు టీ, పకోడీ ఇవ్వాలన్నాడు. ప్రశ్నలు అడిగి బహుమతులివ్వాలన్నాడు. ఎవరైనా రెండు నిమిషాలే మాట్లాడాలి, ఆపైన గంట కొట్టాలన్నాడు. ఆ గంటను నేనే.

మీటింగులు హుషారెక్కిన మాట నిజం. నవ్వులూ చప్పట్లూ వినబడేవి. కార్మికుల తరఫున కూర్చునే ఎస్తేరు ఒక్కతే నవ్వేది కాదు. ప్రతి మీటింగులో లేచి ఒకటే అడిగేది.

"వెనకాల తలుపు తాళం తీయించండి బాబూ. పొరపాటున గ్యాసొత్తే మేమెటు పోవాలండి?"

ఆడవాళ్లు రొయ్యలు దొంగిలించి గోడ అవతలికి విసురుతారనే అనుమానంతో వేసిన తాళం అది. తాళంచెవి సూపర్‌వైజరు శేషారావు మొలతాడుకి వేలాడేది. కమిటీలో శేషారావుకి కుర్చీ లేదు.

ఒక మీటింగులో ప్రభాకరం గారు ప్రశ్న వేశారు. "గ్యాసు లీకైతే బల్లల గదిలో వెనక వరసవాళ్లు ఎటు వెళ్లాలి?"

"వెనక తలుపులోంచి బయటికండి," అంది ఎస్తేరు.

"కరెక్టు!" అంటూ ఆవిడ చేతికి ప్లాస్టిక్ బకెట్ ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎస్తేరు బకెట్ కింద పెట్టింది. "తలుపుకి తాళం ఉంది కదండీ. బకెట్‌తో పగలగొట్టమంటారా?"

"బకెట్ ఇత్తే బిందె కూడా అడిగేలా ఉంది మా ఎస్తేరక్క!" అన్నారెవరో. గదంతా నవ్వింది. ప్రభాకరం గారూ నవ్వారు. ఆ నవ్వులో ఆయనకి మంచితనం పొంగింది.

"సరేనమ్మా, తాళం తీసేద్దాం. అందరికీ సమ్మతమేనా?"

చేతులన్నీ లేచాయి. మళ్లీ చప్పట్లు. "మరి ఎవరు తీత్తారండి? ఏ రోజు..." అని ఎస్తేరు అడగబోయింది. ఆవిడ రెండు నిమిషాలూ అయిపోయాయి. నేను మోగాను. ఆవిడ కూర్చుంది.

తీర్మానమైతే అయింది. తాళం తీసేది ఆఫీసువాళ్లని మేనేజరు అనుకున్నారు. మేనేజరు చెబుతారని ఆఫీసువాళ్లు అనుకున్నారు. శేషారావుకి ఎవరూ చెప్పలేదు. ఎస్తేరు మాత్రం మేడ దిగి బల్లల గదికి వెళ్లి వెనక వరసలో ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "కమిటీలో ఒప్పుకున్నారే. ఇంక ఆ తలుపు మనదే."

కొద్దిరోజులకే గొట్టం పగిలింది. నేను మీటింగు గదిలో, అద్దాల బీరువాలో, మిగిలిన బకెట్ల పక్కన ఉన్నాను. కేకలు వినబడుతున్నా నన్ను మోగించడానికి ఎవరూ రాలేదు. ఆ గదికీ తాళమే.

ముందు వరసలవాళ్లు ముందు తలుపులోంచి బయటపడ్డారు. వెనక వరస మొత్తం ఎస్తేరు వెంట వెనక్కి పరుగెత్తింది. తాళం చూసి మిగతావాళ్లు వెనుదిరిగి, ముందు తలుపులోంచే ఎలాగో బయటపడ్డారు. ఎస్తేరు తిరగలేదు. ఐసు పార తీసుకుని తాళాన్ని కొడుతూనే ఉందట. తలుపు మనదేనని తనే చెప్పింది కదా, అది నిజం చేయాలనుకుందేమో. తాళం వంగింది గాని ఊడలేదు. ఆవిడ అక్కడే పడిపోయింది, మళ్లీ లేవలేదు.

తర్వాతి మీటింగుకి ఎస్తేరు కుర్చీలోకి ఆవిడ పక్కన నిలబడి రొయ్యలు వలిచిన మంగతాయారు వచ్చింది. టీ ఇచ్చారు గాని పకోడీ ఇవ్వలేదు. ప్రభాకరం గారు గొంతు సవరించుకుని, ఎస్తేరు ఆత్మశాంతి కోసం మౌనం పాటిద్దామన్నారు. ఎంతసేపు? రెండు నిమిషాలే. మాటకెంతిచ్చారో మౌనానికీ అంతే ఇచ్చారు. ఆఖర్న ఆయనే నన్ను మోగించి బల్లమీద పెట్టారు.

మంగతాయారు కూర్చోలేదు.

"తాళం ఇంకా అలాగే ఉందండి."

"చూద్దామమ్మా. విచారణ జరుగుతోంది కదా."

"ఎవరు చూత్తారండి? పేరు చెప్పండి."

"ఇదిగో, టైమైపోతోంది..." అంటూ ఆయన నావైపు చెయ్యి చాచారు. మంగతాయారు ముందుగా నన్ను లాక్కుని, లోపల వేలాడే నా నాలుకని పిడికిట్లో బిగించింది. ఐసులో నానిన చెయ్యి, అరచేతినిండా పగుళ్లు.

"పేరు చెప్పే వరకూ ఇది మోగదండి. మా అక్కని కూచోబెట్టింది దీంతోనే కదా."

ఎంతసేపు మాట్లాడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి శేషారావుని పిలిపించారు. కమిటీ మొత్తం లేచి అతని వెంట వెనక తలుపు దగ్గరికి నడిచింది. నేను మంగతాయారు చేతిలోనే ఉన్నాను. వంగిపోయిన తాళంలో చెవి తిరగలేదు. రంపంతో కోయించారు.

"నాకెవరూ చెప్పలేదండి," అంటూ శేషారావు ఏడ్చాడు. అందులో అబద్ధం లేదు.

నన్ను మళ్లీ మీటింగు గదికి తీసుకెళ్లలేదు. మంగతాయారు నా నాలుక ఊడబీకి, నన్ను ఆ తలుపు సందులో అడ్డంగా దూర్చింది. ఇప్పుడు అక్కడే ఉన్నాను. రొయ్యల నీళ్లు తగిలి పచ్చగా చిలుము పడుతున్నాను. కమిటీకి బల్లమీద కుయ్యిమనే కొత్త గడియారం వచ్చిందట. మీటింగులు మళ్లీ హుషారుగానే సాగుతున్నాయట.

పని మొదలయ్యే ముందు మంగతాయారు వచ్చి, నేను జరిగానేమోనని కాలితో ఒకసారి తన్ని చూసుకుంటుంది. ఆ తన్ను నాకు దక్కాల్సిందే. ఇప్పుడు నేనిక మోగను. ఈ తలుపుని మాత్రం మూయనివ్వను.