బూడిద నీళ్లలో యాంగ్‌బెన్

"ఈసారి యాంగ్‌బెన్ బాగా కుదిరింది," అన్నాడు ముకుమ్, పంది మాంసం నములుతూ. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన అతని భార్య ఫుంగ్మ చెప్పులు విప్పుతూ పొయ్యి పైకి చూసింది. దూలానికి వేలాడదీసిన మూడు కాగితం సంచుల్లో రెండు లేవు.

అవి ఆమె పరిశోధన. యాంగ్‌బెన్ అనే, చెట్ల బెరడు మీద పెరిగే ఈ రాతిపువ్వు జాతిలో, ఒంటికి తుప్పు పట్టనివ్వని యాంటీఆక్సిడెంట్లు ఎంతున్నాయో తేల్చాలని ఆమె పట్టుదల. మూడు శనివారాలు ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, గిన్నెలు తోమి, ఆ తర్వాతే కొండెక్కి గీక్కొచ్చింది. రేపు పొద్దున వాటిని ఖాట్మండూ బస్సుకి పంపకపోతే పీహెచ్‌డీ సీటు పోతుందని ప్రొఫెసర్ తెగేసి చెప్పారు. "చెట్టు బూజు మీద డాక్టరేటా? మా అమ్మ చదవకుండానే వండుతుంది," అని ముకుమ్ చుట్టాలందరి ముందూ అనే మాట ఒకటుంది. అన్న ప్రతిసారీ తనే ముందు నవ్వుతాడు.

"మా తమ్ముడు వాళ్లొచ్చి వెళ్లారమ్మాయ్," అంది అత్తగారు. "కడగని యాంగ్‌బెన్ చూస్తే కోడలు సోమరిదనరూ? నీకెక్కడ తీరుతుందిలే అని నేనే బూడిద నీళ్లలో ఉడకబెట్టి కడిగేశా. మూడో సంచి అందలేదు."

ఫుంగ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "మళ్లీ మొలుస్తుందిలే," అని ఓదార్చాడు ముకుమ్. ఏడాదికి గోరంత కూడా పెరగనిదాన్ని పట్టుకుని! ఆ మనిషికి ఓదార్చడం మాత్రం పుట్టుకతో వచ్చిన విద్య.

అప్పుడే చేటలో, రేపటికని అత్తగారు కడిగి, నీళ్లు పిండి పెట్టిన యాంగ్‌బెన్ ఉండ కనిపించింది. తను ఇన్నాళ్లూ చదివినవన్నీ పచ్చిదాని గురించే. పచ్చిది ఎవరు తింటారు? కడిగాక ఎంత మిగులుతుందో ఎవరికీ పట్టలేదు. కడిగేది ఆడవాళ్లు కదా, అదీ ఒక పనేనని ఎవరికి తోస్తుంది?

"బూడిద ఎంత వేశారత్తయ్యా?"

అత్తగారు అనుమానంగా చూసింది. "రెండు గుప్పిళ్లు. ముప్పయ్యేళ్లలో ఈ మాట అడిగినవాళ్లు లేరు. ఎందుకూ?"

"మీకందని సంచీ, ఈ ఉండా రెండూ పంపుతా. కడిగితే గుణం పోతుందో ఉంటుందో చూస్తారు."

"పోతుందని తేలితే?"

పెద్దావిడ నొచ్చుకుంటుందేమోనని ఫుంగ్మ నసిగింది. "అలాగే రాయాలి కదా."

"రాయి. పెద్ద అక్షరాలతో రాయి. ఏటి నీళ్లలో దీన్ని కడుగుతూ ఎన్ని చలికాలాలు నా వేళ్లు కొంకర్లు పోయాయో. తొందరగా తేల్చమను."

ముకుమ్ నమలడం ఆపాడు. "కడక్కపోతే చేదమ్మా."

"ఏరు అక్కడే ఉంది నాయనా," అంది తల్లి. "కడుక్కో."