దూది పట్టుకున్న చోటు

రస్మానె అంత మంచి మొగుడు యాకో ఊళ్ళో ఇంకొకడు లేడని నీళ్ళపంపు దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోరూ మరి. పెళ్ళాం జలీసా బండికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల్లోంచి నూనె కారిందంటే చాలు, వేపచెట్టు కింద చాప పరుచుకుని స్పానర్లు ముందేసుకుని కూర్చునేవాడు. మెకానిక్కు దగ్గరకు పంపేవాడు కాదు. "నేనుండగా పరాయివాడి చెయ్యి ఎందుకే నీ బండికి" అనేవాడు. జలీసా సాయానికొస్తే చేతులు పాడవుతాయని వెనక్కి పంపేవాడు. ఆ మాటకు ఆ పిచ్చిది పొంగిపోయేది.

బండి పాత యమహా, జలీసా పెళ్ళికి ముందే తన కష్టంతో కొనుక్కున్నది. ఊరూరా ఆడవాళ్ళు షియా గింజల నుంచి తీసిన వెన్న డబ్బాలకెత్తి, వెనక కట్టుకుని, యాకో సంతలో అమ్మేది. ఈ ఏడు బగారే ఊరి ఆడవాళ్ళు తమ వెన్నంతా ఆమెకే పోస్తామన్నారు. బగారే దూరం, దారంతా గుంతలు. రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ సగం దారిలో ఫోర్కులో నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు పోయి, నూనె చక్రంలోకి దిగి, ముందు బ్రేకు పట్టడం మానేసింది. మొదటిసారి వాలులో బండి ఆగక గట్టుకు కొట్టుకుని పడింది. వీపున అబీబా ఉంది, ఏడాది నిండని పిల్ల. దాని అదృష్టం బాగుండి గీత కూడా పడలేదు. జలీసా మోకాలు చీరుకుపోయింది. ఆ సాయంత్రం రస్మానె ఆ మోకాలు ఉప్పునీళ్ళతో కడుగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"బగారే మనకు అచ్చిరాలేదే. ఊళ్ళో అమ్ముకున్నది చాలు" అన్నాడు.

ఇప్పుడు బగారే నుంచి కబురొచ్చింది. రేపు తమ ఊరి సంతకు వస్తే సరి, రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని. వాళ్ళను మాత్రం ఏమనగలం, వెన్న ఎన్నాళ్ళని దాచుకుంటారు. తీరా బండి చూస్తే ఫోర్కు గొట్టాల మీద మళ్ళీ నూనె జిడ్డు. నిన్న మేనత్త ఊరికి గుంతల దారిన వెళ్ళొచ్చింది, అంతే. రస్మానె ఏమో పక్క ఊళ్ళో చావు పలకరింపుకు వెళ్ళాడు, సాయంత్రానికి గాని రాడు.

సీళ్ళ కోసం జలీసా నాలుగురోడ్ల దగ్గరి జెర్బో బండి సామాన్ల కొట్టుకు వెళ్ళింది. జెర్బో సామో మనిషి, ఆమె మోసీ. ఈ రెండు జాతులదీ తాతల నాటి వేళాకోళపు వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టించుకున్నవాళ్ళు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే తప్పు తెచ్చుకున్నవాళ్ళదే.

"వచ్చింది నా బానిస" అన్నాడు జెర్బో. "మళ్ళీ సీళ్ళేనా? మీ ఇంట్లో కూరలో వేసుకుంటున్నారా ఏం?"

"కుక్క తలకాయ తినే నోటితో నా కూర ఊసెత్తకు. సీళ్ళియ్యి."

"నేను చెప్పలే? నీ మొగుడు ఒక జేబులో సీలు, ఇంకో జేబులో ఆకురాయి పెట్టుకు తిరుగుతాడని. మోసీవాడి ప్రేమంటే అదే మరి."

అది అతని పాత పాటే. ఎన్నిసార్లన్నాడో, రస్మానె ఎదురుగానే అన్నాడు. అన్నప్పుడల్లా టీ బల్ల దగ్గరివాళ్ళంతా పడిపడి నవ్వేవాళ్ళు, అందరికంటే గట్టిగా రస్మానే నవ్వేవాడు. జలీసా ఇప్పుడూ నవ్వింది.

"నేను బిగించి పెట్టనా?" అన్నాడు జెర్బో.

"వద్దు, నేనే చేసుకుంటా. నువ్వు ముట్టుకున్నావని తెలిస్తే ఆయన నొచ్చుకుంటాడు."

జెర్బో బలవంతపెట్టలేదు. తర్వాత పని వరసగా చెప్పాడు, ఏది ముందు విప్పాలో, ఏది వెనక బిగించాలో. కావలసిన స్పానర్లు ఇచ్చాడు. చివర్న ఒక పిడికెడు దూది చేతిలో పెట్టాడు. "కొత్త సీలు ఎక్కించే ముందు గొట్టాన్ని పైనుంచి కిందికి దూదితో తుడువు. ఎక్కడైనా దూది పట్టుకుంటే అక్కడితో ఆపి నా దగ్గరకు రా." ఆ ముక్కకు మాత్రం వెటకారం తగిలించలేదు. ఆమె అది గమనించనే లేదు.

ఇంటికొచ్చి పిల్లను పొరుగావిడకిచ్చి, చాప పరిచి, కొయ్యరోలు బోర్లించి దాని మీద ఇంజను ఆనించింది. ముందు చక్రం ఊడదీసింది. బోల్టులు వదులు చేసి ఫోర్కు ఒక్కో కాలూ కిందికి లాగింది. పాత పళ్ళెంలోకి వంచితే నల్లటి నూనె కారింది, కుళ్ళిన చేపల వాసన. రబ్బరు తొడుగు లాగి, తీగ క్లిప్పు తీసి, స్క్రూడ్రైవరు మొనతో పాత సీలు పెకలించింది. వింతేమిటంటే సీలు ఇంకా అరగనే లేదు. లోపలి అంచు ఒక్క చోట మాత్రం బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది. చేతులు నూనెతో జారుతున్నా ఆమెకు హుషారుగా ఉంది. సాయంత్రం ఆయనొచ్చి చూసి ఎంత మురిసిపోతాడో అనుకుంది.

మెరిసే గొట్టం కడిగి ఆరబెట్టి దూదితో తుడిచింది. సగానికి పైన ఒక చోట దూది పట్టుకుంది. తెల్లటి పోగు ఒకటి తెగి అక్కడే నిలిచింది. గోరుతో తడిమితే గోరూ పట్టింది. రాయి తగిలిందేమో అనుకుంది. రెండో గొట్టం తీసి తుడిచింది. అదే చోట దూది పట్టుకుంది.

రెండింటినీ పక్కపక్కన నిలబెట్టింది. ఒకే ఎత్తు. రబ్బరు తొడుగు కప్పే చోటు, ఎవరి కంటా పడనిది. వెలుతురుకు తిప్పి చూస్తే ఒక్కో గొట్టానికీ మూడేసి గీతలు, పక్కపక్కనే, మూడంచుల ఆకురాయితో లాగినవి. రాళ్ళు అలా కొలుచుకుని తగలవు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పిడికెడు దూది పట్టింది.

జలీసా చేతుల నూనె తుడుచుకుంది. తర్వాత గొట్టాలు గుడ్డలో చుట్టుకుని జెర్బో దగ్గరకు వెళ్ళింది.

ఆమె గుడ్డ విప్పకముందే అతను తల దించుకున్నాడు.

"ఊళ్ళో తిరిగితే ఫోర్కు ఇంత లోతుకు దిగదు," అన్నాడు నెమ్మదిగా. "గుంతల దారిన దూరం పోతేనే ఈ గాటు సీలు దాకా వస్తుంది. వచ్చిందంటే కోసేస్తుంది."

అంటే రస్మానె ఆమె దారిని కొలిచి మరీ గీశాడు. మోకాలు కడిగిన చెయ్యే గీసింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనని జలీసాకు తెలిసొచ్చింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆకురాయి నాదే. కొడవలి పళ్ళకని తీసుకెళ్ళాడు. తిరిగిచ్చినప్పుడు దాని గరుకులో ఫోర్కు గొట్టాల పూతలాంటి తెల్లటి మెరుపు పొడి ఉంది. కొడవలికి అది ఉండదు. అనుమానమే, చూసింది కాదు. అందుకే వేళాకోళంలో పెట్టి చెప్పాను."

"తిన్నగా చెప్పొచ్చుగా."

"చెబితే నమ్ముదువా? సామోవాడు మోసీ మొగుణ్ణి తిట్టాడని నవ్వేదానివి."

"నువ్వు నవ్వేలా చెప్పావు కాబట్టి నవ్వాను. ఊరంతటి ముందూ నన్ను వెర్రిదాన్ని చేశారు ఇద్దరూ." మొదటిసారి ఆమె అతని మీద నిజంగా కోప్పడింది. తప్పో ఒప్పో ఆలోచించలేదు. జెర్బో కూడా నవ్వమనలేదు. సానరాయి తీసి గాట్ల అంచులు అరగదీశాడు, గట్టి జిగురు నింపి ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్దాడు. జలీసా దూదితో తుడిచి చూసింది. ఈసారి ఎక్కడా పట్టలేదు.

పొద్దు వాలేసరికి బండి బిగించేసింది. రస్మానె చావింట్లో పంచిన కోలా కాయల పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు. నూనె పళ్ళెం చూశాడు, చాప మీది తెల్లటి పోగులు చూశాడు. పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

"నేనొచ్చి చేసేవాణ్ణిగా" అన్నాడు.

"నువ్వు చేసింది చూశాను."

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అబద్ధమాడలేదు, అంతవరకు మేలు. "పని కోసం ఐవరీ కోస్టు పోయి ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి. బగారే పోతే నువ్వు ఇంకా పైకెళ్తావు. ఇక నాతో నీకేం పనుంటుంది? నువ్వు ఊళ్ళో ఉంటే చాలనుకున్నా. సీళ్ళు మార్చేటప్పుడన్నా నేను నీకు కావలసొస్తానని."

జలీసా ఆ మాట విన్నది. ఒకప్పుడైతే కరిగిపోయేదేమో. పొరుగావిడ దగ్గర్నుంచి పిల్లను తెచ్చుకుని వీపున కట్టుకుంటూ ఒక్కటే అడిగింది.

"మొదటిసారి వాలులో పడ్డానే, ఆ రోజుకే గాట్లు ఉన్నాయా?"

రస్మానె పొట్లం పక్కన పెట్టాడు. "ఆ రోజు నువ్వు పిల్లను కూడా తీసుకెళ్తావని నాకు తెలియదే" అన్నాడు.

"అంటే, నేనొక్కదాన్నయితే పరవాలేదు."

తానేమన్నాడో అతనికి అప్పుడు తెలిసింది పాపం.

తెల్లారి ఆమె డబ్బాలు కట్టుకుంటుంటే రస్మానె లేచి వచ్చాడు. ఎప్పటిలాగే ఫోర్కు నొక్కి చూద్దామని హ్యాండిల్ మీదికి చెయ్యి చాపాడు. జలీసా బండిని పక్కకు తిప్పుకుంది. పిల్లను వీపున బిగించి కట్టి, సంచిలో తన బట్టలూ దాని బట్టలూ అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, బగారే దారి పట్టింది.